కెమికల్ తగిలితే కణం ఎందుకు చచ్చిపోతుంది? అపాప్టోసిస్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు పక్కన ఒక ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్తుంటాను. ఏటా ప్రాజెక్టుల సీజన్ రాగానే ఫోన్‌లో అవే ప్రశ్నలు, అవే గ్రాఫుల స్క్రీన్‌షాట్లు. మధ్యలో చుట్టాలు కూడా "నువ్వేదో కేన్సర్ మీద చేస్తావంట కదా" అని మొదలుపెడతారు. ప్రతిసారీ మొదటినుంచి టైప్ చేసే ఓపిక లేక అన్నీ ఒకచోట పెట్టేశాను. వరసగా చదవక్కర్లేదు, మీ డౌటు ఎక్కడుందో చూసుకుని అంతవరకు చదువుకుని వెళ్ళిపోండి.

## ప్రాజెక్టు మొదలవకముందు వచ్చేవి

సార్, చావంటే చావే కదా, అపాప్టోసిస్ అని మళ్ళీ ఇంకో పేరెందుకు?

పాత పెంకుటిల్లు రెండు రకాలుగా పోతుంది. తుఫానుకి కూలిపోవచ్చు, లేదా మనమే కూలీల్ని పెట్టి విప్పించొచ్చు. కూలితే పెంకులూ మట్టీ పక్కింటి మీద కూడా పడతాయి. విప్పిస్తే పెంకులు దించి, దూలాలు తీసి, ద్వారబంధాలు ఓ పక్కన పెట్టి సాయంత్రానికి బండెక్కించేస్తారు. మొదటిది నెక్రోసిస్: కణం ఉబ్బి, పొర చిరిగి, లోపలి సరుకంతా బయటపడి చుట్టూ వాపు వస్తుంది. రెండోది అపాప్టోసిస్: కణం కుంచించుకుపోతుంది, డీఎన్‌ఏ ముక్కలవుతుంది, పొర మీద బుడిపెలు లేచి కణం చిన్న చిన్న మూటలుగా విడిపోతుంది, ఆ మూటలు పగలకముందే మాక్రోఫేజ్‌లనే చెత్త ఊడ్చే తెల్లకణాలో పక్క కణాలో వచ్చి మింగేస్తాయి. వాపు దాదాపు ఉండదు. 1972లో కెర్, వైలీ, కరీ అనే ముగ్గురు దీనికి ఈ పేరు పెట్టారు, చెట్టు నుంచి ఆకులు రాలడాన్ని గ్రీకులో అలా అంటారు, ఆ మాట సూచించింది అబర్డీన్‌లో గ్రీకు ప్రొఫెసర్ జేమ్స్ కార్మాక్. వైవాలో పేరుకి అర్థం అడిగే ఎగ్జామినర్లు ఉన్నారు, ఊరికే చెప్పట్లేదు.

కణం తనను తాను చంపుకోవడం దేనికసలు?

తోకకప్పకు తోక పోవాలి, కడుపులో బిడ్డకు వేళ్ళ మధ్య పొర పోవాలి, మన ఒంటి మీదకే తిరగబడే తెల్లకణాలు పోవాలి. ఇవన్నీ ప్రమాదాలు కావు, పనులు. సీ. ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పొడుగు పురుగులో ఇది లెక్క పెట్టినంత కచ్చితంగా జరుగుతుంది: పెరిగేటప్పుడు 1090 శరీర కణాలు పుడతాయి, వాటిలో 131 చచ్చిపోతాయి, 959 మిగులుతాయి. ప్రతి పురుగులోనూ అవే 131. ఆ పురుగు మీద పనికే బ్రెనర్, హార్విట్జ్, సల్స్టన్‌లకు 2002లో నోబెల్ వచ్చింది.

కాంపౌండ్ కణాన్ని చంపుతుందా, కణమే చచ్చిపోతుందా?

ఈ ఒక్కటి అర్థమైతే మిగతా సగం డౌట్లు వాటంతటవే పోతాయి. చంపే సామాను కాంపౌండ్‌లో లేదు, కణంలోనే ఉంది. కాస్పేజ్‌లు అనే కోత ఎంజైములు ఆరోగ్యంగా ఉన్న ప్రతి కణంలోనూ ముందే తయారై, మూతేసిన కత్తుల్లా పడుంటాయి. కాంపౌండ్ చేసేది ఎక్కడో ఓ చోట దెబ్బ కొట్టడం, లేదా ఏదో బ్రేకు తీసేయడం. ఆ తర్వాత "ఇక బాగుచేసుకోలేను, పోతాను" అనే నిర్ణయం కణానిది.

దీనికి రుజువు అడిగితే ఇది చెప్పండి: బాక్స్, బాక్ అనే రెండు ప్రోటీన్లూ లేకుండా చేసిన ఎలుక కణాలకు ఎటోపోసైడ్ అనే కేన్సర్ మందు ఇచ్చినా, కణాల్ని చంపే స్టారోస్పోరిన్ ఇచ్చినా, అల్ట్రావయొలెట్ వేసినా మామూలు కణాల్లా చావలేదు. మందు అదే, దెబ్బ అదే, కానీ లోపల చావు ఏర్పాటు తీసేస్తే మందు ఒక్కటే ఏం చేయలేకపోయింది. అందుకే ఒకే కాంపౌండ్ ఒక సెల్ లైన్‌ను (ల్యాబ్‌లో తరాల తరబడి పెంచే ఒక రకం కణాల్ని) పడేసి ఇంకోదాన్ని కదిలించకపోతే ఆశ్చర్యపోకండి, ఎందుకలా అని అడగడమే మీ ప్రాజెక్టు.

## రికార్డులో బొమ్మ గీసేటప్పుడు వచ్చేవి

ఇంట్రిన్సిక్, ఎక్స్‌ట్రిన్సిక్ రెండూ కలిసిపోతున్నాయి. గుర్తుండేలా చెప్పండి

కబురు ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. బయటినుంచి వస్తే ఎక్స్‌ట్రిన్సిక్: ఫాస్ లైగాండ్ లేదా ట్రెయిల్ అనే ప్రోటీన్ వచ్చి కణపొర మీది రిసెప్టర్‌ను పట్టుకుంటుంది, లోపల ఎఫ్‌ఏడీడీ అనే ప్రోటీన్ చేరి కాస్పేజ్-8ను లేపుతుంది. లోపలి దెబ్బ వల్ల, అంటే డీఎన్‌ఏ తెగడం, ఒత్తిడి, పోషకాలు అందకపోవడం లాంటివాటి వల్ల మొదలైతే ఇంట్రిన్సిక్. ఇందులో కథంతా మైటోకాండ్రియా దగ్గర నడుస్తుంది. బిమ్, ప్యూమా, నాక్సా అనేవి దెబ్బ తగిలిందని కబురు మోసేవి, బీసీఎల్-2, బీసీఎల్-ఎక్స్‌ఎల్, ఎంసీఎల్-1 బ్రేకులు, బాక్స్, బాక్ చిల్లు పెట్టేవి. కబుర్లు బ్రేకుల్ని మించిపోతే బాక్స్, బాక్ గుంపుగా చేరి మైటోకాండ్రియా బయటి పొరకు చిల్లు పెడతాయి, సైటోక్రోమ్ సి బయటికొస్తుంది.

రెండు దారులూ చివరికి కాస్పేజ్-3, 7 దగ్గర కలుస్తాయి. మధ్యలో ఒక అడ్డదారి కూడా ఉంది: కాస్పేజ్-8 బిడ్ అనే ప్రోటీన్‌ను కోస్తే ఆ ముక్క మైటోకాండ్రియాకు వెళ్ళి రెండో దారిని కూడా తెరుస్తుంది. చాలామంది బొమ్మలో ఈ బాణం మర్చిపోతారు.

సైటోక్రోమ్ సి ఊపిరి పోసేది కదా, చావులోకి ఎందుకొచ్చింది?

మైటోకాండ్రియా లోపల ఉన్నంతసేపు దాని పని ఎలక్ట్రాన్లు మోయడమే. బయట సైటోప్లాజంలో కనబడిందంటే మైటోకాండ్రియాకు చిల్లు పడినట్టే, కణం దాన్నే గుర్తుగా వాడుకుంటుంది. బయటికొచ్చిన సైటోక్రోమ్ సి అపాఫ్-1ను పట్టుకుంటుంది, అలాంటివి ఏడు చేరి ఏడు ఆకుల చక్రంలా అమరతాయి, దాన్నే అపాప్టోసోమ్ అంటారు. కాస్పేజ్-9 ఆ చక్రం మీద లేచి కూచుని కాస్పేజ్-3ను కోసి నిద్ర లేపుతుంది. షియావోడాంగ్ వాంగ్ ల్యాబ్ 1996లో ఇది చెప్పినప్పుడు చాలామంది వెంటనే నమ్మలేదు, ఎందుకంటే అందరికీ వచ్చిన డౌటు మీకొచ్చిందే.

ఏ మందు ఎక్కడ నొక్కుతుందో ఒకసారి చెప్పేయండి సార్

అన్నీ చెప్పడం కుదరదు, వైవాకి పనికొచ్చేవి చెప్తా. సిస్‌ప్లాటిన్ డీఎన్‌ఏలో గ్వానిన్ అనే అక్షరాల్ని పట్టుకుని పక్కపక్కవాటిని ముడేస్తుంది. ఇది దొరికిన తీరు బాగుంటుంది: 1965లో రోజెన్‌బర్గ్ అనే ఆయన బ్యాక్టీరియా మీద కరెంటు ప్రభావం చూద్దామని ప్లాటినం ఎలక్ట్రోడ్లు పెడితే అవి చీలడం మానేసి దారాల్లా పొడుగ్గా పెరిగాయి, చివరికి తేలిందేంటంటే కరెంటు కాదు, ఎలక్ట్రోడ్ నుంచి కరిగిన ప్లాటినం ఆ పని చేసింది. ఎటోపోసైడ్ దారి వేరు. టోపోఐసోమరేజ్-2 అనే ఎంజైమ్ డీఎన్‌ఏ చిక్కులు తీయడానికి పోగులు కోసి మళ్ళీ అతికిస్తుంది, ఎటోపోసైడ్ ఆ అతికించడాన్ని ఆపుతుంది, తెగిన చివరలు అలాగే ఉండిపోతాయి.

విన్‌క్రిస్టిన్, పాక్లిటాక్సెల్ రెండూ మైక్రోట్యూబుల్స్ (విభజనప్పుడు క్రోమోజోముల్ని లాగే సన్నటి గొట్టాలు) మీదే కానీ ఎదురెదురు పనులు చేస్తాయి. మొదటిది వాటిని కట్టనివ్వదు, రెండోది కట్టినవాటిని విప్పనివ్వదు. ఎలా చూసినా కణం విభజన మధ్యలో ఇరుక్కుంటుంది, ఇరుక్కున్నంతసేపు లోపల ఎంసీఎల్-1 అనే బ్రేకు అరిగిపోతూ ఉంటుంది, అరిగిపోయాక చావు.

మెథోట్రెక్సేట్ ఫోలేట్ అనే విటమిన్ దారిని మూసి డీఎన్‌ఏకి కావలసిన ముడిసరుకు అందకుండా చేస్తుంది. ఇక్కడ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు రాయకపోతే నాకు కోపం వస్తుంది. లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీలో ఆయన బృందం ఇలాంటి ఫోలేట్ విరోధుల్ని తయారు చేయించింది, వాటిలో అమినోప్టెరిన్‌ను వాడి సిడ్నీ ఫార్బర్ అనే అమెరికా డాక్టరు బ్లడ్ కేన్సర్ ఉన్న పిల్లల్లో తాత్కాలికంగానైనా జబ్బు వెనక్కి తగ్గడం చూపించి 1948లో ప్రచురించాడు.

ఇవన్నీ ముందు కణాన్ని కొట్టి, ఆ దెబ్బను కణమే పట్టించుకునేదాకా ఆగే మందులు. వెనెటోక్లాక్స్ అలా కాదు, నేరుగా బీసీఎల్-2 బ్రేకు మీదే కూచుంటుంది. ఆ బ్రేకు పట్టుకుని ఉన్న బిమ్ లాంటివి ఒక్కసారిగా విడుదలవుతాయి. క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియాకు 2016లో అమెరికాలో అనుమతి వచ్చింది. నా మటుకు నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా అందమైన మందు ఇదే.

పీ53 లేకపోతే ఇక కణం చావదా?

చస్తుంది, కష్టంగా. డీఎన్‌ఏ తెగిందని తెలియగానే పీ53 అనే కాపలా ప్రోటీన్ ముందు విభజన ఆపుతుంది, బాగు కాకపోతే ప్యూమా, నాక్సా తయారు చేయిస్తుంది. దాదాపు సగం కేన్సర్లలో ఈ జీన్ చెడి ఉంటుంది కాబట్టి డీఎన్‌ఏ మీద పనిచేసే మందులు అక్కడ మొద్దుబారతాయి. పీ53తో పని లేని దారులు తెరిచే ఉంటాయి. మీరు హీలా కణాలు (గర్భాశయ ముఖద్వార కేన్సర్ నుంచి వచ్చినవి) వాడుతుంటే ఒక సంగతి: వాటిలో పీ53 జీన్ బాగానే ఉంది, కానీ వాటిలో చేరి ఉన్న పాపిలోమా వైరస్ ఈ6 ప్రోటీన్ దాన్ని ఎప్పటికప్పుడు తినిపించేస్తుంటుంది.

## బెంచ్ మీద, రిజల్ట్స్ చూసి గాభరా పడ్డాక

ఎంటీటీలో రీడింగ్ 70 శాతం పడిపోయింది. అపాప్టోసిస్ అని రాసేయొచ్చా?

వద్దు. ఎంటీటీ అనే ఈ రంగు పరీక్ష చావును చూడదు. బతికున్న కణాల ఎంజైములు పసుపు రంగు ఎంటీటీని ఊదా రంగు ఫార్మజాన్‌గా మారుస్తాయి, మీరు 570 నానోమీటర్ల దగ్గర కొలిచేది ఆ ఊదా రంగు మాత్రమే. రంగు తగ్గిందంటే కణాలు చచ్చి ఉండొచ్చు, చావకుండా పెరగడం ఆపి ఉండొచ్చు, లేదా ఉన్న కణాల మెటబాలిజమే మందగించి ఉండొచ్చు. చచ్చినా ఎలా చచ్చాయో అది చెప్పదు. "కణాల వయబిలిటీ తగ్గింది" అని రాయండి, అంతే. ఇంకో ఇబ్బంది: మొక్కల ఎక్స్‌ట్రాక్టుల్లో పాలీఫినాల్స్ ఉంటే కణాలు లేకపోయినా ఎంటీటీని ఊదా చేసేస్తాయి, అప్పుడు చచ్చిన కణాలు కూడా బతికున్నట్టు కనబడతాయి. కణాలు లేని వెల్‌లో కాంపౌండ్ మాత్రం వేసి ఒక వరస తప్పకుండా పెట్టండి. ఏటా కనీసం ఇద్దరైనా ఇది పెట్టకుండా వచ్చి నా ముందు నిలబడతారు.

అనెక్సిన్ గ్రాఫులో నాలుగు గదులు ఎలా చదవాలి?

ఫాస్ఫాటిడైల్‌సెరిన్ అనే కొవ్వు మామూలుగా కణపొర లోపలి వైపు ఉంటుంది. అపాప్టోసిస్ మొదలయ్యాక అది బయటికి తిరుగుతుంది, మాక్రోఫేజ్‌కు "నన్ను తినెయ్" అనే సంకేతం అదే. అనెక్సిన్-వీ అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుంటుంది. ప్రొపీడియం అయొడైడ్ (పీఐ) అనే ఎర్ర రంగు మాత్రం పొర చిరిగితేనే లోపలికి పోతుంది. అడ్డంగా అనెక్సిన్, నిలువుగా పీఐ పెట్టారనుకుంటే కింద ఎడమ బతికున్నవి, కింద కుడి అపాప్టోసిస్ మొదట్లో ఉన్నవి, పై ఎడమ ఎక్కువగా పొర చిరిగిన చెత్త. పై కుడి దగ్గరే గొడవ. అపాప్టోసిస్ పూర్తయి పొర చిరిగిన కణం, మొదటినుంచీ నెక్రోసిస్‌తో పోయిన కణం రెండూ అక్కడే పడతాయి, ప్లేట్‌లో మింగేసే మాక్రోఫేజ్‌లు ఉండవు కదా. అందుకే 24 గంటల దగ్గర ఒక్క గ్రాఫు తెచ్చి చూపిస్తే నేనేమీ చెప్పలేను. 6, 12, 24 గంటల్లో చూడండి, కణాలు కింద కుడి గదిలోంచి పైకి జరుగుతూ వెళ్తుంటే మాట్లాడుకోవచ్చు.

ప్లేట్ నుంచి కణాల్ని ఊడదీసే ట్రిప్సిన్ ఎక్కువసేపు ఉంచితే పొర దెబ్బతిని అబద్ధపు పాజిటివ్ వస్తుంది. అనెక్సిన్‌కు కాల్షియం కావాలి, కాల్షియాన్ని పట్టేసే ఈడీటీఏ మిగిలిపోతే అంటుకోదు. డాక్సోరుబిసిన్ అనే కేన్సర్ మందు తనే ఎర్రగా మెరుస్తుంది, దాన్ని పీఐ అనుకున్న థీసిస్‌లు చూశాను.

ఎంసీఎఫ్-7లో డీఎన్‌ఏ లాడర్ రాలేదు. నా కాంపౌండ్ వేస్టేనా?

కాంపౌండ్‌ను తిట్టకండి. ఎంసీఎఫ్-7 అనే రొమ్ము కేన్సర్ కణాల్లో కాస్పేజ్-3 జీన్‌లో ఒక ముక్క పోయింది, ఆ ప్రోటీన్ తయారే కాదు. సుమారు 180 బేస్ పెయిర్ల మెట్లుగా డీఎన్‌ఏను కోసే ఎంజైమ్‌ను విడిపించేది ముఖ్యంగా కాస్పేజ్-3, కాబట్టి చావు జరుగుతున్నా జెల్ మీద ఆ మెట్లు, అంటే లాడర్, కనబడవు. కాస్పేజ్-7 ఉంది, పార్ప్ అనే ప్రోటీన్ 116 నుంచి 89 కిలోడాల్టన్లకు తెగిందేమో వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను సైజు వారీగా చూపే పరీక్ష) చూడండి, పక్కన వేరే సెల్ లైన్ కూడా పెట్టండి. రొమ్ము కేన్సర్ అనగానే అందరూ ఎంసీఎఫ్-7 తెప్పించుకుంటారు, ఈ సంగతి మాత్రం జెల్ ఖాళీగా వచ్చాకే తెలుస్తుంది.

డోసు పెంచితే అపాప్టోసిస్ పెరగాలి కదా, నాకు తగ్గిందేంటి?

అపాప్టోసిస్‌కు ఖర్చవుతుంది. అపాప్టోసోమ్ కట్టడానికైనా మూటలు కట్టడానికైనా కణంలో ఏటీపీ, అంటే కణం వాడుకునే శక్తి, ఉండాలి. డోసు మరీ ఎక్కువైతే ఏటీపీ ముందే అయిపోతుంది, కణం పద్ధతిగా చావలేక పగిలి చస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ దీనికి మంచి ఉదాహరణ, కొద్దిగా వేస్తే అపాప్టోసిస్, బాగా వేస్తే నెక్రోసిస్. మీ ఐసీ50 (వయబిలిటీ సగానికి పడే డోసు) చుట్టూ, దానికి సగం దగ్గర, రెట్టింపు దగ్గర చూడండి. వంద మైక్రోమోలార్ వేసి "బాగా చచ్చాయి సార్" అని సంతోషంగా రావద్దు, ఆ డోసులో చాలా వస్తువులు చంపుతాయి.

కంట్రోల్ కణాలే చచ్చిపోతున్నాయి సార్, టెన్షన్‌గా ఉంది

ముందు కాంపౌండ్ కరిగించిన డీఎంఎస్ఓ చూసుకోండి, 0.1 శాతం దగ్గర ఉంటే హాయి, 0.5 దాటొద్దు, కంట్రోల్‌లో కూడా అంతే కలపాలి. తర్వాత మైకోప్లాస్మా (కణాల్లోకి చేరే చిన్న బ్యాక్టీరియా) పరీక్ష. ప్లేట్ కిక్కిరిసినా చస్తాయి. ఇవన్నీ బాగుంటే కరెంటు గురించి అడగండి. ఇంక్యుబేటర్ 37 డిగ్రీల్లో, 5 శాతం కార్బన్ డైఆక్సైడ్‌తో నడవాలి, మేలో బెజవాడలో బయట 44 ఉంటుంది, రాత్రి రెండు గంటలు కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే పొద్దున మీకు కనబడేది మీ కాంపౌండ్ ప్రభావం కాదు. ఓ వేసవి మాకు ఐసు మీద రావాల్సిన అనెక్సిన్ కిట్ గోరువెచ్చటి నీళ్ళలో తేలుతూ వచ్చింది, పారేయడానికి మనసొప్పక వాడి నెల పోగొట్టుకున్నాం. అప్పట్నుంచీ అలాంటివి జూలైకి తెప్పిస్తున్నాం.

ఎగ్జామినర్ "ఇది ఫెర్రోప్టోసిస్ ఎందుకు కాకూడదు" అంటే ఏం చెప్పాలి?

నోటితో చెప్పలేరు, ముందే ఇన్హిబిటర్లు వేసి ఉండాలి. జెడ్-వీఏడీ-ఎఫ్‌ఎంకే కాస్పేజ్‌లన్నిటినీ ఆపుతుంది, అది వేస్తే కణాలు బతికాయంటే అపాప్టోసిస్ వైపు గట్టి సాక్ష్యం. ఫెర్రోస్టాటిన్-1 గానీ ఇనుమును పట్టేసే డీఫెరాక్సమీన్ గానీ కాపాడితే అది ఫెర్రోప్టోసిస్, ఇనుము వల్ల పొరలోని కొవ్వులు ఆక్సీకరణం చెంది వచ్చే చావు, 2012లో పేరు పెట్టారు. నెక్రోస్టాటిన్-1 కాపాడితే నెక్రోప్టోసిస్, అంటే కణమే నడిపించే నెక్రోసిస్ లాంటి చావు, అని అనుమానించాలి. ఒక మెలిక ఉంది: జెడ్-వీఏడీ కాస్పేజ్-8ను కూడా ఆపుతుంది, కొన్ని కణాల్లో దానివల్లే నెక్రోప్టోసిస్ తలుపు తెరుచుకుంటుంది. కాబట్టి జెడ్-వీఏడీ వేసినా చచ్చాయంటే "అపాప్టోసిస్ కాదు" అని వెంటనే తేల్చేయకండి.

## ఇంట్లోవాళ్ళు, చుట్టాలు అడిగేవి

మన గుంటూరు కారంలో కేన్సర్‌ను చంపేది ఉందంట కదా?

మిరపలో క్యాప్సైసిన్ ఉంది, ప్లేట్‌లో పెంచిన ప్రోస్టేట్ కేన్సర్ కణాల్లాంటివాటికి అది అపాప్టోసిస్ తెప్పించింది, అంతవరకు నిజమే. కానీ డోసు చూడండి. ఇలాంటి ప్రయోగాల్లో 200 మైక్రోమోలార్ దాకా వేస్తారు, అంటే లీటరుకు 61 మిల్లీగ్రాములు. ఐదు లీటర్ల రక్తంలో అంత ఉండాలంటే 300 మిల్లీగ్రాములు రక్తంలోనే తిరుగుతుండాలి. మనం గొడ్డుకారంతో ముద్ద తింటే రక్తంలోకి చేరేది నానోమోలార్లలో, అంటే దానికి వేల రెట్లు తక్కువ, మిగతాది పేగు, లివరు దారిలోనే మార్చేస్తాయి. కాబట్టి మిర్చి యార్డు మందుల షాపు కాదు. కారం రుచికి తినండి.

దుగ్గిరాల పసుపు పాలల్లో వేసుకుని రోజూ తాగితే?

తాగండి, నేనూ తాగుతా, గొంతుకి హాయిగా ఉంటుంది. కేన్సర్‌కి మందు అనుకుని మాత్రం కాదు. పసుపులో కర్క్యుమిన్ బరువులో నూటికి మూడు పాళ్ళు అటూఇటూ, ల్యాబ్‌లో కణాలు చావాలంటే పది నుంచి యాభై మైక్రోమోలార్లు వేస్తుంటారు, మనుషులు గ్రాముల కొద్దీ మింగినా రక్తంలో ఒకటి రెండు మైక్రోమోలార్లు దాటడం కష్టం. పైగా కర్క్యుమిన్ తనే మెరుస్తుంది, చాలా ప్రోటీన్లకు ఊరికే అంటుకుంటుంది, అందువల్ల ల్యాబ్ పరీక్షల్ని మోసం చేసే పదార్థాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. కీమో నడుస్తున్నవాళ్ళు పసుపు మాత్రలు, మిరియాల ఎక్స్‌ట్రాక్టుల క్యాప్సూల్స్ వేసుకోవాలనుకుంటే ముందు డాక్టరుగారికి చెప్పండి, మిరియాల్లోని పైపరిన్ కొన్ని మందుల్ని లివరు విరగ్గొట్టే తీరునే మార్చగలదు.

బిళ్ళగన్నేరు ఆకు నమిలితే షుగరు, కేన్సరు రెండూ తగ్గుతాయంటారు

దయచేసి నమలకండి. విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ ఆ మొక్కవే, నిజం. కథ మొదలైంది కూడా షుగరుతోనే: 1950లలో కెనడాలో నోబుల్, బీర్ అనేవాళ్ళు ఈ ఆకు షుగరుకి పనిచేస్తుందేమోనని ఎలుకలకిస్తే షుగరు తగ్గలేదు, తెల్లకణాలు పడిపోయాయి. అలా దొరికింది విన్‌బ్లాస్టిన్ అనే కేన్సర్ మందు. కానీ ఒక గ్రాము విన్‌క్రిస్టిన్ తీయాలంటే వందల కిలోల ఎండాకు కావాలి, ఆస్పత్రిలో దాన్ని మిల్లీగ్రాముల లెక్కన నరంలోకి మాత్రమే ఇస్తారు. ఆకులో ఇంకా డజన్ల కొద్దీ ఆల్కలాయిడ్లున్నాయి, ఎంత ఏది పోతుందో ఎవరికీ తెలియదు.

కీమోలో జుట్టు ఎందుకూడుతుంది? మందుకి కేన్సర్ ఏదో తెలియదా?

తెలియదు. చాలా కీమో మందులు కొట్టేది వేగంగా విభజన చెందే కణాన్ని, అది కేన్సరైనా, వెంట్రుక కుదురైనా, నోటి లోపలి పొరైనా, ఎముక మజ్జైనా. వెంట్రుక కుదురు కణాలు ఆరోగ్యంగా ఉంటాయి కాబట్టి వాటి పీ53 చక్కగా పనిచేసి చావు నిర్ణయం త్వరగా తీసుకుంటుంది. పీ53 లేని ఎలుకలకు సైక్లోఫాస్ఫమైడ్ ఇస్తే వెంట్రుకలు ఊడలేదు. జుట్టు మామూలుగా మళ్ళీ వస్తుంది, దాని గురించి అంత బెంగ వద్దు. బెంగ పడాల్సింది తెల్లకణాల గురించి, చాలా మందులతో అవి 7 నుంచి 14 రోజుల మధ్య బాగా పడిపోతాయి, ఆ రోజుల్లో జ్వరం వస్తే డోలో వేసి పడుకోబెట్టకుండా వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేయండి.

మందు మొదట్లో బాగా పనిచేసి తర్వాత ఆగిపోతుందేం?

కేన్సర్ కణాలన్నీ ఒకలాంటివి కావు. చావు నిర్ణయం కణానిదే కాబట్టి, ఆ నిర్ణయం తీసుకోలేని కణాలు మొదటినుంచీ కొన్ని ఉంటే మందు మిగతావాటిని తీసేసి వాటికి చోటిస్తుంది. కొన్ని పీ-గ్లైకోప్రోటీన్ అనే పంపుతో మందును బయటికి తోడేస్తాయి, కొన్ని బ్రేకులు పెంచుకుంటాయి, బీసీఎల్-2ను మూస్తే ఎంసీఎల్-1 మీద ఆధారపడటం మొదలుపెడతాయి. వెనెటోక్లాక్స్ చాలాకాలం వాడిన కొందరు రోగుల్లో బీసీఎల్-2లోనే 101వ స్థానంలో గ్లైసిన్ బదులు వాలిన్ వచ్చింది. ఒక్క అమైనో ఆమ్లం మార్పు, మందు కూచోవాల్సిన గుంట కాస్త ఇరుకైంది, బిమ్‌ను పట్టుకునే పని మాత్రం చెడలేదు.